ఎలుగుబంట్లకు ముందు వచ్చే ముసలావిడ

ఒకే గదిలో, ఒకే టీవీ ముందు ఏళ్ల తరబడి ముగ్గురం కూర్చున్నాం. నా తమ్ముడు ఎలుగుబంట్లను చూశాడు. వాడి భార్య, నా మరదలు, ఇంకేదో చూసింది. మరి నేనేం చూశాను? పుస్తకం మూసి కళ్లజోడు తీసినప్పుడల్లా ఈ ప్రశ్న ఎదురొస్తుంది.

పెళ్లి చేసుకోని నేను వాళ్లతోనే ఉండేదాన్ని. తమ్ముణ్ణి వీధిలో అందరూ మంచుదొర అనేవారు. ఫ్యాను కాస్త జోరుగా తిరిగితే దుప్పటి అడిగే మనిషి, నోరు విప్పితే ఉత్తర ధ్రువమే. అక్కడి తెల్ల ఎలుగుబంట్ల మీద ఒక డాక్యుమెంటరీ డిస్కు కొన్నాడు. ఆదివారం వస్తే అదే పెట్టేవాడు. "రిటైరయ్యాక వెళ్తా. ఓడ మీద నిలబడి కళ్లారా చూస్తా" అనేవాడు. రిటైరయిన ఏడాదే గుండె ఆగిపోయింది.

మరదలు వానకోట్లు, టార్పాలిన్లు కుట్టే షెడ్డులో పనిచేసేది. మిగిలిన పని ఇంటికి తెచ్చుకునేది. గది మూలన మిషను, దాని కింద దళసరి గుడ్డ కుప్పలు, గదంతా రబ్బరు జిగురు వాసన. ఎంత బాగా కుట్టినా సూది దిగిన చోటల్లా కన్నమే, కన్నం ఉన్నచోటల్లా నీళ్లే. అందుకని ప్రతి అతుకు మీదా జిగురు పూసి, పట్టీ అంటించి, బొటనవేలితో నొక్కుతూ కూర్చునేది. ఆ వేలు ఎప్పుడూ నల్లగా, నున్నగా ఉండేది.

"నీ వేలిముద్ర పోలీసులకు కూడా దొరకదే" అని ఏడిపించేదాన్ని.

"అందుకే వదినా, ఏదో ఒక ఘోరం చేసి పారిపోదామని చూస్తున్నా" అనేది.

తమ్ముడు పోయిన మరుసటి ఏడు, వాడు దాచినదీ తను దాచినదీ కలిపి ఉత్తర ధ్రువం వైపు వెళ్లొస్తానంది. బజారు దాటి బస్సెక్కడానికే బద్ధకించే మనిషి! తేరుకున్నాక కళ్లు చెమర్చాయి. వాడి కోరిక తీర్చబోతోందనుకున్నాను. వాడి ఫొటోకి ఫ్రేము కట్టించి, "ఓడ మీద నిలబడి వాడికి కూడా చూపించు" అని ఇచ్చాను. తీసుకుంది.

ట్రావెల్ ఆఫీసుకు ఇద్దరం వెళ్లాం. ఏజెంటు కంప్యూటరు తెర మా వైపు తిప్పాడు.

"ఓడ మీద అయితే తెల్ల ఎలుగుబంట్లు, వాల్రస్‌లు, తిమింగలాలు. కాదంటే ఆ మంచులోనే పుట్టి పెరిగే ఇన్యూట్ వాళ్ల ఊళ్లో, వాళ్ల ఇంట్లోనే బస. వాళ్ల తిండి, వాళ్ల కుట్టుపని, వాళ్ల పాటలు. అక్కడ ఎలుగుబంటి కనిపిస్తుందని మాత్రం మాట ఇవ్వలేనమ్మా. రెండూ చెరో దిక్కు. మీరు అనుకున్న డబ్బుకి ఏదో ఒకటే."

"ఇందులో అడగాల్సిందేముంది బాబూ? ఎలుగుబంట్లే. రాసుకోండి" అన్నాను.

"సరే, మా వదినకు ఎలుగుబంట్లు రాయండి" అంది మరదలు. "నాకు ఆ ఊరు రాయండి."

ఏజెంటు నవ్వాడు. పరాచికమనుకుని నేనూ నవ్వాను. తను నవ్వలేదు. సంచిలోంచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టింది.

బయట మెట్ల మీదే నిలదీశాను. "వాడు జీవితమంతా కలవరించింది దేన్ని? నువ్వు వెళ్లేది ఎక్కడికి? పోయినవాడి మీద పగ తీర్చుకుంటున్నావా?"

"పగెందుకు వదినా? మంచివాడేగా." బొటనవేలిని చూసుకుంటూ అంది. "ఆ డిస్కులో ఎలుగుబంట్లకు ముందు ఒక ముసలావిడ వస్తుంది, గుర్తుందా?"

"ఏ ముసలావిడ?"

"చూశారా! సీలు అనే సముద్రపు జంతువు తోలుతో బూట్లు కుడుతుంటుంది. సూది తోల్లోకి దిగుతుంది గానీ అవతలికి రాదు. సగం మందంలోనే తిరిగి పైకొచ్చేస్తుంది. అవతల కన్నమే లేకపోతే నీళ్లెక్కడ కారతాయి? జిగురు లేదు, పట్టీ లేదు. ఆ సూది ఎలా తిరుగుతోందో చూసేలోపు మీ తమ్ముడు రిమోట్ నొక్కేసేవాడు, ఎలుగుబంట్ల దగ్గరకి. ప్రతిసారీ."

"ఆపమని ఒక్క మాట అనకపోయావా?"

"అనేదాన్ని. 'ఉండవే, అసలుది ఇప్పుడొస్తుంది' అనేవాడు. మీరూ అక్కడే ఉండేవారు."

నేనా? నాకు గుర్తు లేదు. నిజంగా లేదు.

"ఇప్పుడు రిమోట్ నీ చేతిలోనే ఉందిగా. కూర్చుని చూసుకో!"

"చూశాను. ఆవిడ చేయి అడ్డం. పక్కన కూర్చుంటే గానీ తెలీదు." మెట్టు దిగబోతూ, "ఇంకొకటి చెప్పండి. వెళ్తా, చూస్తా అనేవాడు కదా. వెళ్దాం అని ఎప్పుడైనా అన్నాడా?" అంది.

తోడబుట్టినవాడి గొంతు నాకు కంఠతా వచ్చు. ఎంత వెతికినా ఆ గొంతులో ఆ ఒక్క మాట దొరకలేదు.

దొరకలేదని ఊరుకున్నానా? లేదు. "ఓడకు మార్చుకో, ఇంకా గడువుంది" అని రోజూ పోరాను. తను మిషను తొక్కుతూ వినేది.

ప్రయాణం నాటి పొద్దున లేచి, ముఖం కడుక్కుని, వెళ్లొస్తానని చెప్పడానికి మరదలు వస్తుందిగా, చివరిసారి అడిగి చూద్దామని మాటలు కూడబలుక్కుని కూర్చున్నాను. ఎంతకీ రాలేదు. నేనే ముందు గదిలోకి వెళ్లాను. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. జిగురు డబ్బాకి మూత బిగించి ఉంది. తమ్ముడి కుర్చీలో తమ్ముడి ఫొటో, టీవీకి ఎదురుగా. పక్కనే రిమోట్.

కిటికీ దగ్గరకు పరుగెత్తాను. వీధి చివర పెట్టె లాక్కుంటూ వెళ్తోంది. వెనక్కి చూడకుండానే మలుపు తిరిగింది.