వాన డబ్బా మీద అప్పీలు

సమాచార హక్కు చట్టానికి పన్నెండేళ్లు నిండిన సంవత్సరం, జూన్ నెలలో నన్ను అనంతపురంలోని ఒక జిల్లా స్థాయి గణాంక కార్యాలయానికి ఉప సంచాలకుడిగా బదిలీ చేశారు. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. పంటల విస్తీర్ణం, ధరలు, వర్షపాతం లెక్కలు చూడడం అసలు పని. దానికి తోడు, హోదా రీత్యా, మొదటి అప్పీలు అధికారి బాధ్యత కూడా నాకే వచ్చింది.

ఈ చివరి మాటను కాస్త విప్పి చెప్పాలి. ప్రజలు అడిగిన సమాచారం ఇవ్వడానికి ప్రతి ప్రభుత్వ కార్యాలయంలోనూ ఒక పౌర సమాచార అధికారి ఉంటాడు. మా దగ్గర ఆ బాధ్యత సూపరింటెండెంటు రామాంజులుది. ఆయన ఇవ్వనంటే, అర్జీదారు అదే కార్యాలయంలో ఆయన కంటే పై హోదాలో ఉన్నవారికి అప్పీలు చేసుకోవాలి. అక్కడా న్యాయం దొరకకపోతే రాష్ట్ర సమాచార కమిషన్ ఉంది. అంటే మొదటి అప్పీలులో తీర్పు చెప్పేవాడూ, తప్పు చేశాడని నింద మోసేవాడూ ఒకే క్యాంటీనులో టీ తాగేవాళ్లు. అందువల్లనే చాలా చోట్ల ‘పౌర సమాచార అధికారి నిర్ణయం సమంజసమే’ అన్న వాక్యం అప్పీలు చదవకముందే తయారై ఉంటుంది. నాకు ఆ వాక్యమంటే మొదటి నుంచీ మంట. చేతిలో అధికారం ఉండి కూడా ఆలోచించడానికి బద్ధకించేవాడు చేసే పూజ అది.

ఈ మంట నాకు ఇంట్లోంచే అంటింది. మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. సంఘ సంస్కరణ సభలు ఎక్కడ జరిగినా మగ్గం దిగి, నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని పోయేవాడు. వాదంలో నేను ఓడిపోతే ఏమీ అనేవాడు కాదు. ఎందుకు అని అడగకుండా ఒక మాట ఒప్పుకుంటే మాత్రం రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. కాబట్టి ‘ఎందుకు’ అనే మాట మా ఇంట్లో కులదైవం వంటిది. దైవాన్ని ఒప్పుకోని ఇంటికి అంతకు మించిన పోలిక నాకు దొరకలేదు.

ఆ ఏడాది శ్రావణం దాటినా వానలు లేవు. వేరుశనగ ఊడలు మట్టిలోకి దిగే వేళకు భూమి పెంకులా బిగిసింది. ప్రభుత్వం కరువు మండలాల మొదటి జాబితా ప్రకటించింది. ఆ తరువాత రెండు వారాలకు నా బల్ల మీదికి ఒక అప్పీలు వచ్చింది. గుమ్మఘట్ట దాటి కన్నడ సరిహద్దు వైపు వెళితే వచ్చే ఒక పల్లె నుంచి ఓబులమ్మ అనే రైతు పెట్టింది. అది ఏ మండలమో చెప్పను. చెబితే అక్కడి వాళ్లను ఇప్పటికీ ఏడిపిస్తారు.

జాబితాలో తమ పేరు లేదేమని అడిగితే, మీకు వాన పడినట్లు రాసి ఉందని మండల కార్యాలయంలో చెప్పారట. దాని మీద ఆమె మొదట పెట్టిన అర్జీలో ఉన్నది ఒక్క ప్రశ్నే. ‘శ్రావణమాసంలో మా మండలంలో వాన పడలేదు. పడినట్లు ఎందుకు రాసినారో తెలుపగలరు.’ దానికి రామాంజులు పంపిన జవాబు కూడా ఒక్క వాక్యమే. ‘ఎందుకు అను ప్రశ్న చట్టంలోని సమాచార నిర్వచనం పరిధిలోకి రానందున తిరస్కరించడమైనది.’

చదివి కుర్చీలోంచి లేచాను. అరవై ఏళ్లకు దగ్గర పడుతున్న మనిషికి, అదీ మా నాయన కొడుకుకు, ‘ఎందుకు’ అనే మాట చెల్లదని నా కార్యాలయమే రాసి పంపింది. రామాంజులును పిలిచాను. ఆయన బెదరలేదు. చట్టం పుస్తకం వెంట తెచ్చుకున్నాడు. సమాచారం అంటే కార్యాలయంలో ఉన్న రికార్డు, పత్రం, లెక్క, నమూనా. కారణం ఎక్కడైనా రాసి ఉంటే ఆ కాగితం నకలు ఇవ్వాలి. రాసి లేని కారణాన్ని కొత్తగా ఆలోచించి చెప్పే బాధ్యత కార్యాలయానికి లేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నా కోపాన్ని చట్టం బలపరచలేదు.

విచారణకు ఓబులమ్మ తెల్లవారుజామున బస్సెక్కి వచ్చింది. యాభై దాటిన మనిషి. కుర్చీ చూపిస్తే మొహమాటపడకుండా కూర్చుంది. ఆమె చెప్పిన దాని సారాంశం ఇది. పక్క మండలం జాబితాలో ఉంది, అక్కడ పశువులకు గడ్డి కేంద్రం తెరిచారు. వీళ్లది జాబితాలో లేదు. ఇంటి గడ్డివామి అయిపోయింది. దసరా లోపల గడ్డి రాకపోతే ఎద్దుల జతను సంతకు తోలాలి. ఒకసారి జత పోతే మళ్లీ కొనడం ఆమె వల్ల కాదు, ఎద్దులు లేకపోతే రెండెకరాల సేద్యమూ లేదు.

జాబితాలో ఆ మండలం ఎందుకు లేదో నాకు తెలుసు. కరువు నిర్ణయానికి మొత్తం వాన ఒక్కటే చూడరు. వానకూ వానకూ మధ్య ఎన్నాళ్లు ఎడం వచ్చిందో కూడా చూస్తారు. మా భాషలో అది డ్రై స్పెల్. ఆ మండలంలో ఆ ఎడం మధ్యలో ఒక సోమవారం మంచి వాన పడినట్లు నమోదైంది. దాంతో ఎడం తెగిపోయింది, మండలం జాబితా నుంచి జారిపోయింది.

చట్టం నా చేతులు కట్టేసిందనుకున్నాను గాని, అదే చట్టంలో ఇంకో మాట ఉంది. అర్జీ పెట్టుకునేవారికి అధికారి తగిన సహాయం చేయాలి. ప్రశ్న వంకరగా ఉంటే తిప్పి పంపడం కాదు, సరిచేసి ఇవ్వడం అతని పని. రామాంజులు ఆ పని చేయలేదు. కాబట్టి అప్పీలును ఆ మేరకు అనుమతించి, ఆయన ఆమెతో కూర్చుని అర్జీని తిరిగి రాయాలని అక్కడికక్కడే చెప్పాను. నా గదిలోనే, నా ఎదుటే.

ఆ ముచ్చట చూడాల్సిందే. ఆమె నోట ఏ వాక్యం వచ్చినా దాని తోకకు ‘ఎందుకు’ వేలాడుతోంది. ఆయన దాన్ని కత్తిరిస్తున్నాడు. చివరికి ఆమెకు విసుగొచ్చింది.

“ఇంగేమడగాలంటావప్పా?”

“ఏముందో చూపమని అడుగమ్మా. రిజిస్టరు చూపమను, వాన కొలిచే చోటు చూపమను. అవి చూసే హక్కు నీకు ఉండాది.”

“చూపితే ఎందుకో తెలుస్తాదా?”

“అది నువ్వు చూసుకోవాల.”

“దొంగను చూపుతాము గానీ దొంగ అని మా నోటితో అనము. అట్లంతేనా?”

రామాంజులు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

పరిశీలన ఆ మండల కార్యాలయం ఆవరణలో పెట్టాం. అప్పీలు అధికారి దానికి హాజరు కానక్కర్లేదు. ఎందుకో తెలుసుకోవాలని నేనూ వెళ్లాను. ఉదయం ఎనిమిదిన్నరకు అక్కడ ఉండాలి, వర్షపాతం చదివే వేళ అదే.

వర్షమాపకం చూడనివారి కోసం చెబుతున్నాను. మోకాలెత్తు లోహపు గొట్టం, పైన గరాటా, లోపల సీసా. సీసాలో చేరిన నీటిని గీతలు గీసిన గాజు గ్లాసులోకి వంచి, మిల్లీమీటర్లు చదివి, మండల గణాంక సహాయకుడు జిల్లాకు పంపుతాడు. ఇప్పుడు ఈ పని చేసే యంత్రాలు వచ్చాయి గాని, ఆ మండలంలో యంత్రం చెడిపోయి ఉంది. అందువల్ల పాత గొట్టమే దిక్కు. ఊళ్లో దాన్ని వాన డబ్బా అంటారు. గరాటా చాలా చిన్నది కాబట్టి, అందులో పడిన చెంబెడు నీళ్లు లెక్కలోకి వచ్చేసరికి దుక్కి దున్నేంత వాన అవుతాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రిజిస్టరు సవ్యంగా ఉంది. ఆ సోమవారపు వాన చక్కటి దస్తూరిలో ఉంది. ఓబులమ్మ దాన్ని చదివించుకుని తల అడ్డంగా ఆడించింది. తరువాత ముళ్లకంచె దగ్గరకు నడిచాం. డబ్బా మీద మూడు కుంకుమ బొట్లు, కంచెకు ఎండిపోయిన బంతిపూల దండ. ఆమె నిలబడిపోయింది.

“దీన్ని చూసేనా మీరు రాసేది?”

అవునని సహాయకుడు చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

“అయితే ఆ వాన నేనే సారూ.”

సంగతి ఇదీ. శ్రావణంలో ఆమె, ఇంకో నలుగురు ఆడవాళ్లు ఏదో అర్జీ ఇవ్వడానికి అక్కడికి వచ్చారు. కంచె లోపల జాగ్రత్తగా నిలబెట్టిన ఆ డబ్బా ఏమిటని అటెండరును అడిగారు. అతను సర్కారు దర్జాతో, ఈ డబ్బాలో పడితేనే మండలమంతా వాన పడినట్లు, అని చెప్పాడు. వాళ్లు ఆలోచించుకున్నారు. మరుసటి ఆదివారం, కార్యాలయం మూసి ఉండగా, చెంబుతో పసుపునీళ్లు తెచ్చి, బొట్టు పెట్టి, దండ వేసి, డబ్బాకు అభిషేకం చేసి పోయారు. మరునాడు ఉదయం సహాయకుడు సీసా వంచి, చదివి, పంపాడు.

రామాంజులు మండిపడ్డాడు. ప్రభుత్వ సాధనంలో నీళ్లు పోయడం నేరమని, కేసు పెట్టవచ్చని చెప్పాడు. ఆమె నవ్వు ఆపింది.

“ఈడ పడితే అంతటా పడినట్లే అంటిరి. నమ్మి పోస్తిమి. నేను పోసింది చెంబు. చెంబని రాయాల. వాన అని రాసింది మీరు కదప్పా?”

నేను సహాయకుడి వైపు తిరిగాను. నీళ్లు పసుపుగా ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయి, దుమ్ము పడిందేమో అనుకున్నాడట. ఆ రోజు ఆకాశం చూశావా అని అడిగాను. గ్లాసు చూడడమే తనకు నేర్పారని, ఎంత ఉంటే అంత రాయడం తన పని అని, ఎందుకు ఉందో ఆలోచించడం కాదని వినయంగా చెప్పాడు.

మూఢనమ్మకాల మీద నేను చాలా వేదికలెక్కి మాట్లాడాను. ఆ ఆవరణలో రెండు కనబడ్డాయి. గొట్టానికి మొక్కితే వాన వస్తుందన్నది ఒకటి. గొట్టంలో ఉంది కాబట్టి వానే అన్నది రెండోది. మొదటిదానికి కారణం మేం చెప్పిన మాట. దాన్ని వాళ్లు సాగదీసిన తర్కంలో లోపం లేదు, పునాది వాక్యం మాదే. రెండోదానికి జీతం కూడా ఇస్తున్నాం.

పరిశీలన నోటు రాయాలి. అందులో ఆమె చెప్పింది ఆమె పేరుతోనే ఉండాలి, లేకపోతే విలువ లేదు. కేసు వచ్చే అవకాశం తక్కువేగాని ఊరంతా నవ్వుతుందని, ఆలోచించుకోమని చెప్పాను. ఆమె ఎంతో సేపు ఆలోచించలేదు.

“నవ్వితే నవ్వనీ సారూ. ఎద్దులు నవ్వవు కదా. నా పేరే రాయండి.”

తక్కిన నలుగురి పేర్లు మాత్రం చెప్పలేదు. రామాంజులు రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు.

అప్పీలులో తుది ఉత్తర్వు ఇచ్చాను. ఆ మండలం రిజిస్టరు నకలు, అదే రోజు చుట్టుపక్కల మండలాల్లో చినుకు కూడా పడలేదని చూపే లెక్కలు, పరిశీలన నోటు, అన్నీ ధ్రువీకరించి ఆమెకు ఇవ్వాలని రాశాను. లెక్కను దిద్దే అధికారం అప్పీలు అధికారికి లేదు. సమాచారం ఇప్పించడంతో నా పని అయిపోయింది. ఆ కాగితాలు పట్టుకుని ఆమె సోమవారం కలెక్టరు అర్జీల వేళకు వెళ్లింది. అక్కడ చాలామంది నవ్వారని విన్నాను. ఆ తరువాత విచారించి, శ్రావణంలోని ఆ సోమవారపు వానను లెక్కలోంచి కొట్టేశారు. రెండో జాబితాలో ఆ మండలం చేరింది. దసరాకు ముందే గడ్డి కేంద్రం తెరిచారు. ఎద్దులు సంతకు పోలేదు.

వర్షమాపకం చుట్టూ కొత్త కంచె, తాళం, ఒక బోర్డు వచ్చాయి. బోర్డు మీది మాట రామాంజులు స్వయంగా రాసిచ్చాడు. ‘ఇందులో నీళ్లు పోయరాదు.’ అది పెట్టించడానికి ఆయన వెళ్లిన రోజే, ఓబులమ్మ గడ్డి చీటీ కోసం వచ్చిందట. బోర్డు చదివించుకుని, ‘ఎందుకు?’ అని అడిగిందట. రామాంజులు ఈసారి నిర్వచనం వెతకలేదు. గొట్టం విప్పి, సీసా, గ్లాసు చూపించి, వాన ఎట్లా కొలుస్తారో మొదటి నుంచి చెప్పాడు. వెంట ఉన్న నలుగురు ఆడవాళ్లు కూడా శ్రద్ధగా విన్నారని ఆయనే నాతో అన్నాడు. ఏ నలుగురో ఆయన అడగలేదు, రాయలేదు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇంతే. ‘ఎందుకు’ అనే ప్రశ్నను కార్యాలయం తిప్పి పంపవచ్చు. ‘చూపించండి’ అనే మాటను తిప్పి పంపడం చాలా కష్టం. జవాబు చెప్పమని పోట్లాడేకంటే జవాబున్న చోటికి దారి అడగడం మేలు. ఆ దారి చివర మన చెంబే కనబడినా, తెలుసుకున్నది తెలుసుకున్నట్లే.