పెళ్లికాని మిషనక్కకు పరీక్ష

కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడను వీధంతా మిషనక్క అంటుంది. మిషన్ మూలనపడ్డాక మోసుకొచ్చేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. బాగున్నప్పుడే విప్పి చూసుకోవాలంటుంది. బస్సు కండక్టరుగా పనిచేసే ఆవిడతో పదమూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటోంది. అక్కాచెల్లెళ్లా అని ఎవరైనా ఆరా తీస్తే ఇద్దరూ నవ్వేస్తారు. అది కాపురమేనని తెలిసినవాళ్లకు తెలుసు.

ఆస్పత్రిలో గర్భసంచి మూతి క్యాన్సర్ పరీక్ష చేస్తున్నారని విని, మిషనక్క కండక్టరమ్మను లాక్కెళ్లింది. కండక్టరమ్మ గుమ్మం బయట బెంచీ మీదే కూలబడింది.

"మొగుడి పేరడుగుతారు. నేను రాను. నువ్వూ నోరు జారకు. రేపు బస్సులో నా మొహం ఎట్లా చూపించను?"

లోపల నర్సు కలం పట్టుకుని కూర్చుంది. "పెళ్లయిందా?"

"లేదు."

"అయితే మీకు అక్కర్లేదమ్మా, వెళ్లండి."

మిషనక్క కుర్చీ వదల్లేదు. "అసలీ జబ్బు దేనివల్ల వస్తుందమ్మా?"

"చాలావరకు ఒక వైరస్ వల్ల."

"అదెట్లా అంటుకుంటుంది?"

"కలిసినప్పుడు, ఒంటికి ఒళ్లు తగిలి."

"తగిలింది మగవాళ్లదో ఆడవాళ్లదో దానికెట్లా తెలుస్తుంది?"

నర్సు కలం కింద పెట్టింది. "ఎందుకడుగుతున్నారు?"

మిషనక్క తలుపు వైపు చూసింది. ఇప్పుడు మాట దాటేస్తే ఇద్దరూ పరీక్ష లేకుండానే ఇంటికి పోవాలి.

"బయట కూర్చున్నావిడే నా ఇంటిమనిషి. మాకు మగవాళ్లతో పొత్తు లేదు."

నర్సు లేచి డాక్టరమ్మను అడిగి వచ్చింది. "చేయించుకోవాలట. ఆడవాళ్ల మధ్య కూడా అంటుతుందట. నాకూ ఇవాళే తెలిసింది. మీరు చెప్పింది ఈ గది దాటదు."

పరీక్ష గదిలో డాక్టరమ్మ చేతిలో పనిముట్టు కనబడగానే, పడుకున్న మిషనక్క మంచం మీద లేచి కూర్చుంది. "ఆ మర తిప్పితే రెండు రేకులూ విడతాయి, అంతేనా?"

"అంతే. చెయ్యి పెట్టకండి! పడుకుని ఒళ్లు వదులు చేయండి."

కాస్త చురుక్కుమంది. ఇంకో ప్రశ్న అడిగేలోపే అయిపోయింది.

బయట కండక్టరమ్మ లేచి నిలబడింది. "చెప్పేశావా?"

"చెప్పాను."

"నన్నడక్కుండా!" కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పే. తిట్టు, పడతాను."

"ఆ నర్సు ఏమంది?"

"నాకూ ఇవాళే తెలిసిందంది."

"అంతేనా? ఇంకేం అన్లేదా?"

"అన్లేదు. నీ వయసడిగింది, పిలవమంది."

కండక్టరమ్మ భుజాన ఉన్న సంచి తీసి మిషనక్క చేతుల్లో పడేసింది.

"తిట్లు ఇంటికెళ్లాక," అని లోపలికి నడిచింది.