మురిగిపోయే సెలవులు

ఆఫీసులో అందరూ ఆయన్ని వానమాస్టారు అనేవారు. బడిలో పాఠాలు చెప్పి కాదు, ఊరి చివర వాతావరణ కేంద్రంలో ముప్పై నాలుగేళ్లు వానను కొలిచినందుకు. పొద్దున ఎనిమిదిన్నరకల్లా గేజీలో పడ్డ నీళ్లు కొలత గ్లాసులోకి వంచి చూడాలి, తెల్లపెట్టెలోని థర్మామీటర్లు చదవాలి, ఆ అంకెలు ఫోనులో పై ఆఫీసుకి చెప్పాలి. వాన పడని రోజున కూడా వెళ్లి సున్నా రాయాలి. ఆ సున్నా కోసమైనా సరే, ఆయన ఒక్కరోజు నాగా పెట్టలేదు. పెళ్లి కాలేదు. ఒకటి రెండు సంబంధాలు వచ్చి తప్పిపోయాయి. తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

రిటైర్మెంటు నాలుగు నెలల్లోకి వచ్చాక సెలవుల గుమాస్తా ఆయన్ని పిలిచింది.

"మాస్టారూ, మీకు నాలుగొందల పన్నెండు రోజుల సెలవుంది. రిటైరయ్యేటప్పుడు మూడొందల రోజులకే జీతం ఇస్తారు. మిగతా నూట పన్నెండూ మురిగిపోతాయి. హాయిగా వాడేసుకోండి."

"వాడుకుని ఏం చేయనమ్మా?"

ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు.

"ఎక్కడికైనా వెళ్లి రండి. మీకెవరూ లేరా?"

"చెల్లెలుంది."

సంతకానికని ఆవిడ రిజిస్టరు ఇటు తిప్పింది. వాడుకున్న సెలవుల వరసలో అన్నీ ఖాళీ గళ్లే. ఒక ఏడాది దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. ఆ ఏడే చెల్లెలికి కడుపులో గడ్డ తీశారు. ముందురోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఒక్కసారి రావూ? భయంగా ఉంది" అంది. "సెలవు దొరకట్లేదే" అన్నాడు. నిజానికి అడగనే లేదు. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆసుపత్రి వాసన తగిలితే చాలు, ఆయన గుమ్మంలోంచే వెనక్కి తిరిగేస్తాడు. ఆ సంగతి చెప్పుకోలేక నోటికొచ్చిన మాట అనేశాడు. ఆనాటికే నూట అరవై రోజులు నిల్వ ఉన్నాయని రిజిస్టరు చెబుతోంది.

నూట పన్నెండు రోజులకీ సెలవు రాసి సంతకం పెట్టి, మర్నాడే చెల్లెలి ఊరికి బస్సెక్కాడు.

తలుపు తీస్తూనే ఆమె కంగారుపడింది. "ఏంటన్నయ్యా ఇలా చెప్పాపెట్టకుండా? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదే. సెలవు పెట్టాను."

బావ కుట్టుమిషను వసారాలోకి జరిపి, ఆయనకి మంచం వేశాడు. ఇద్దరూ బాగానే చూశారు. కానీ ఆ ఇంటి పనులు ఆ ఇంటివి. బావ డ్యూటీకి వెళ్లేవాడు, చెల్లెలు మిషను మీద వంగితే మధ్యాహ్నందాకా తలెత్తేది కాదు. ఈయన ఎక్కడ కూర్చున్నా చీపురుకి అడ్డమే.

మూడోరోజు ఇక ఉండబట్టలేకపోయాడు. "నీ ఆపరేషన్ అప్పుడు నాకు సెలవుందే. నేనే రాలేదు."

ఆమె పంటితో దారం తెంపింది. "తెలుసు. ఆరోజే మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. 'మాస్టారు సెలవు అడగలేదమ్మా, పిలవమంటారా' అన్నారు. వద్దన్నాను."

"మరి ఇన్నేళ్లూ అడగలేదే?"

"అడిగితే ఇంకో అబద్ధం చెబుతావు. అదెందుకు?"

"కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదూ? రెండేళ్లు ఉంది. తర్వాత పిల్లల చదువులు, ఈ కుట్టుపని... ఎప్పుడు పోయిందో పోయింది."

ఆయన తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చాడు. ఆమె తిట్టి ఉంటే ఏడ్చేవాడేమో. ఆమె ఇంకో గుడ్డ తీసుకుంది.

మర్నాడు బయల్దేరుతుంటే "ఉండొచ్చుగా" అంది. ఒక్కసారే అంది.

తిరిగొచ్చి, సెలవు రద్దు చేయమని సూపరింటెండెంటుని అడిగాడు. "మీ చోట మనిషిని వేసేశాం మాస్టారూ. సుఖాన ఉండక ఇదేం కోరిక?" అన్నాడాయన.

ఇంకా నూట ఎనిమిది రోజులు. గదిలో ఫ్యాను తిరిగేది, ఆయన చూసేవాడు. ఒకసారి సబ్బు కొనడానికి వెళ్లి నోరు తెరిస్తే గొంతు పెగల్లేదు. రెండురోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారాలు చెల్లెలికి ఫోన్ చేసేవాడు. తిన్నావా అంటే తిన్నాను, అంతే, పెట్టేసేవారు.

ఆఖరిరోజు ఆఫీసులో చిన్న సభ పెట్టారు. మూడొందల రోజుల జీతం ఆర్డరు చేతికిచ్చి, ఒక్క రోజు కూడా మురగబెట్టుకోని మనిషని గుమాస్తా పొగిడింది. అందరూ చప్పట్లు కొట్టారు. చెల్లెలు రాలేదు. బడి యూనిఫాంలు కుట్టివ్వాల్సిన వారం అది.

రెండ్రోజులకి ఆమే ఫోన్ చేసింది. తనంతట తను చేయడం చాలా ఏళ్లలో అదే మొదలు.

"ఎలా జరిగింది అన్నయ్యా?"

ఎవరెవరు మాట్లాడారో, ఎవరు కుర్చీలు వేశారో, కాఫీ ఎలా చల్లారిపోయిందో చెప్పాడు. ఆమె ఊఁ కొడుతూనే ఉంది. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా ఆమె పెట్టేయలేదు. అందుకని ఆయన మళ్లీ మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.