రెండు డిస్కులు లేకపోయినా

ఆ ఆసుపత్రిలో ఆవిడను అందరూ జాగ్రత్తమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవారు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు. నెట్‌వర్కులోకి వచ్చేదాన్నీ బయటికి పోయేదాన్నీ కనిపెట్టి రికార్డు చేసే కాపలా సర్వర్లకు డిస్కులు సర్దడం ఆవిడ పని. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఆ చాదస్తం మాత్రం, అబ్బో, చెప్పనలవి కాదు.

కొత్త కాపలా సర్వరు పెట్టేటప్పుడు ఆసుపత్రి నడిపే పెద్దసారు పది రోజుల రికార్డు చాలన్నాడు. ఈవిడ అరవైకి తగ్గనని భీష్మించుకుంది.

"దొంగలు పడ్డ రోజే మనకు తెలుస్తుందా సార్? ఏ నెలకో తెలుస్తుంది. అప్పటికి అంతా చెరిపేసుకుని కూర్చుంటే ఇక ఈ మిషన్లెందుకు?"

లెక్క కూడా మామూలు రోజుది కాదు, రోగులు కిటకిటలాడే సోమవారానిది వేసింది. పన్నెండు డిస్కులు కావాలంది. అందులో రెండింటంత చోటు అచ్చంగా, ఏ రెండు డిస్కులు పాడైనా రికార్డు చెడకుండా కాపాడడానికే పోతుందంటే పెద్దసారు నోరు వెళ్లబెట్టాడు. "ఇంట్లో ఇద్దరు మంచం పట్టినా పొయ్యి వెలగాలి కదండీ" అంది. అంతటితో ఆగిందా? పన్నెండూ ఒకే పెట్టెలోవి వద్దని మూడు దుకాణాలు తిరిగి తెచ్చింది. ఒక్కోదాని మీద తయారైన నెల మార్కరుతో రాసింది. ఒకే చోట పుట్టినవి ఒకేసారి పోతే ఏమవుతుందో పాత ఉద్యోగంలో ఆవిడ కళ్లారా చూసింది. నవ్వినవాళ్లు నవ్వారు.

అలా ఉండగా రికార్డుల గది గుమస్తా నెత్తిన పిడుగు పడింది. నలభై ఏడు రోజుల కిందట రోగుల ఫైళ్లు ఆయన కంప్యూటరు నుంచే బయటికి పోయాయని తేలింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క మచ్చ లేని మనిషి. అలాంటివాణ్ణి పట్టుకుని పెద్దసారు ఆ గదిలో పదిమంది ముందూ "ఎవరికి అమ్ముకున్నావు?" అనేశాడు. సాయంత్రంలోగా రాజీనామా ఇవ్వకపోతే పోలీసులను పిలుస్తానన్నాడు. గుమస్తా తిన్నగా కంప్యూటర్ల గదికి వచ్చి నిలబడ్డాడు.

"నేను చేయలేదమ్మా. ఎవరికి చెప్పుకోను?"

"కూర్చో బాబాయ్. ఆ రోజు రికార్డు ఇక్కడే ఉంది, తీసి చూద్దాం."

తీయబోతుంటే తెర మీద హెచ్చరిక వచ్చింది, ఐదో నంబరు డిస్కు పోయిందని. పక్కనున్న నెట్‌వర్కు ఇంజనీరు ఐదు లెక్కపెట్టి చటుక్కున ఒకటి లాగేశాడు. ఆ సర్వరులో డిస్కుల లెక్క సున్నా నుంచి మొదలవుతుందని ఆయనకు తెలియక కాదు, కంగారులో ఒకటి నుంచి లెక్కపెట్టాడు. పాడైన డిస్కు అక్కడే ఉంది, బంగారంలాంటిది చేతిలోకి వచ్చింది.

జాగ్రత్తమ్మ ఒక్క అంగలో వచ్చి ఆయనకు అడ్డంగా నిలబడింది. ఇంకొక్కటి పోయిందా, అరవై రోజుల రికార్డూ నీళ్లపాలు, గుమస్తా బతుకు కూడా.

"నువ్వు ముందు ఆ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకో నాయనా" అంది. "ఇప్పుడేదీ మార్చొద్దు, ఏదీ ఆపొద్దు. రెండు లేకపోయినా నడుస్తుంది. ముందు ఆ రోజు రికార్డు వేరే చోటికి దించుకుందాం, రిపేరు సంగతి తర్వాత."

మిగిలిన పదీ రొప్పుతూ రోజుతూ పనిచేశాయి. గుమస్తా కుర్చీ అంచున కూర్చుని తెర మీద పెరిగే అంకెనే చూశాడు. ఎనభై శాతం దగ్గర అది కదలకుండా నిలిచిపోతే కళ్లు మూసుకున్నాడు. మూడు గంటలకు పైగా పట్టింది. చివరికి అక్షరం పోకుండా మొత్తం దిగింది.

అందులో నిజం పట్టపగల్లా ఉంది. ఫైళ్లు పోయింది ఆయన కంప్యూటరు నుంచే. కానీ అంతకు పదకొండు నిమిషాల ముందు, స్కానింగు మిషన్లను బయటినుంచే రిపేరు చేయడం కోసం తెరిచిపెట్టిన నెట్‌వర్కు లైను గుండా బయటివాడెవడో ఆ కంప్యూటరులోకి దూరాడు. ఆ లైను మూయక్కర్లేదని సంతకం పెట్టింది సాక్షాత్తూ పెద్దసారే.

పెద్దసారు వచ్చి ఒకటికి మూడుసార్లు చూశాడు. "పొరపాటైపోయిందండీ" అని గుమస్తాతో గొణిగాడు.

గుమస్తా లేచాడు. ముప్ఫై ఏళ్లలో సారుకు ఎదురు చెప్పి ఎరగడు.

"ఇక్కడ కాదు సార్. ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి."

జాగ్రత్తమ్మ వెళ్లి తలుపు తీసి పట్టుకుంది. ముందు పెద్దసారు, వెనక గుమస్తా నడవా దాటి రికార్డుల గదిలోకి వెళ్లారు. పదిమందీ తలలెత్తారు. పెద్దసారు గొంతు సవరించుకుని, ఈ మనిషి ఏ తప్పూ చేయలేదని, తప్పు తనదేనని, చివరి బల్లదాకా వినిపించేలా చెప్పాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది గుమ్మంలో నిలబడ్డ ఆ చాదస్తపు మనిషే.