మా బాపు పేరు గలవాళ్లు

నా చిన్నతనంలో, అంటే పందొమ్మిది వందల ముప్పైల నడుమ, మా బాపు పేరే పెట్టుకున్న పేరుమోసినవాళ్లు మా దిక్కున ముగ్గురుండేవారు. కామారెడ్డిలో ఒక పహిల్వాను. కుస్తీ పట్టడమే కాక విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాడు. కామారెడ్డిలోనే స్టేషను దగ్గర ఒక డాక్టరు. పట్నంలో చదివి వచ్చాడు. రామారెడ్డిలో ఒక భాగోతులాయన. ఆడవేషం కడితే ఆడవాళ్లే కుళ్లుకునేవారు. నాలుగోవాడు మా బాపు. ఎల్లారెడ్డిలో రెండు మోటల వ్యవసాయం తప్ప ఏ విద్యలోనూ పేరు లేదు. "గీ పేరు పెట్టుకున్నోడు ఎవడు ఉత్తగ పోలే, నేనొక్కన్నే గిట్ల మిగిలిన" అని నవ్వేవాడు.

ఆ పేరు ఇక్కడ రాయను. ఇంటి అలవాటు. మొగుడి పేరెత్తితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని అమ్మ పలికేది కాదు. బాపుకు పెట్టింది ఆయన తాత పేరు. అంటే మా అవ్వకు మామ పేరు. కాబట్టి కన్నకొడుకునైనా అవ్వ "చిన్నోడా" అనే పిలిచేది. తల నెరిసినా చిన్నోడే. అంత మంచి పేరు పెట్టి, పిలిచే నోరు లేకుండా చేసుకోవడం మా ఇంటికే చెల్లింది.

ఒకసారి బాపు బీర్కూరులో చెల్లెలి ఇంటికి పోయిన వారంలో, నాలుగేళ్ల తమ్ముడు బండి మీది నుంచి పడ్డాడు. మా ఇంట్లో పనిచేసే జీతగాడే లేవనెత్తాడు. దెబ్బేమీ లేదు. కానీ రెండు రోజులకు పిల్లవాడికి జ్వరం వచ్చి గొంతు వాచింది. నీళ్లు కూడా దిగడం లేదు. పొద్దున్నే అమ్మ జీతగాణ్ని పిలిచింది.

"కామారెడ్డికి పో. ఈయన పేరు పెట్టుకున్నాయన ఉన్నడు గద, గాయన్ను తోలుకరా. జల్ది రా."

అమ్మ మనసులో ఉన్నది డాక్టరు. జీతగాడి మనసులో ఉన్నది బండి మీది నుంచి పడ్డ పిల్లవాడు. నేను గడప మీదనే కూర్చుని ఉన్నాను, పదేళ్లదాన్ని. తండ్రి పేరు చెప్పడానికి నాకు ఏ అడ్డూ లేదు. పంతులు అడిగితే గడగడా చెప్పేదాన్ని. "డాక్టరేనా?" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. దానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

సాయంత్రం మోటరు బస్సు దిగింది పహిల్వాను. వాకిలి పట్టనంత మనిషి, వంగి లోపలికి వచ్చాడు. తమ్ముడి కాళ్లూ చేతులూ మెల్లగా ఒత్తి చూశాడు. నోరు తెరిపించి చూశాడు.

"బొక్కలన్ని సక్కగున్నయమ్మా. గొంతుల గడ్డ లేసింది. గిది నా చేతి పని గాదు, మా పేరాయన పని."

ఆయన తప్పేమీ లేకపోయినా తలవంచుకొని కూర్చున్నాడు. అమ్మ జీతగాణ్ని ఒక్క మాటా అనలేదు. తిట్టాల్సింది తననేనని ఆమెకు తెలుసు. అప్పటికి కామారెడ్డికి మళ్లీ మోటరు లేదు.

తెల్లారేసరికి తమ్ముడు ఊపిరి తీస్తే ఈల వేసినట్టు చప్పుడు. జీతగాడు బయలుదేరాడు. ఇప్పుడు "డాక్టరు" అంటే చాలు, అతనికి ఎరుకే. కానీ అమ్మకు చాటుమాటల మీద నమ్మకం పోయింది. వాకిట్లో నలుగురూ చూస్తుండగా "డాక్టరు" అని, ఆ వెంటనే బాపు పేరు పూర్తిగా పలికింది.

"ఏం జెప్పిన? మల్ల జెప్పు" అని జీతగాడి చేత అనిపించి, మళ్లీ తనే అన్నది. అవ్వ రెండు చెవులూ మూసుకున్నది.

మధ్యాహ్నానికి డాక్టరు వచ్చి గడ్డ కోశాడు. ఇంకో పూట ఆగితే తాను వచ్చినా లాభం లేకపోయేదన్నాడు. తమ్ముడు బతికాడు. గొంతు మాత్రం బొంగురుపోయి అట్లాగే ఉండిపోయింది.

బాపు వచ్చి, విని, పడీ పడీ నవ్వాడు. "మంచిగనే అన్నవు. మల్ల గట్లయితె మల్ల అను" అన్నాడు. అవ్వ నవ్వలేదు. అప్పటినుంచి బాపు తుమ్మినా దగ్గినా అవ్వ అమ్మ దిక్కు చూసేది.

కొన్నేళ్లకు, యుద్ధం రోజుల్లో, బాపుకు విషజ్వరం వచ్చింది. ఆ డాక్టరే వచ్చాడు, మూడుసార్లు వచ్చాడు. నిలబెట్టలేకపోయాడు. బాపు పోయిన పదోనాడు చుట్టాలంతా కూర్చున్నచోట అవ్వ అననే అన్నది.

"గా దినం నువ్వు నోరు జారినవు. నా కొడుకు పాయె."

నాకు అవ్వ మీద కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. అమ్మ పక్కన తమ్ముడు కూర్చుని ఉన్నాడు. అమ్మ వాడి తల మీద చెయ్యి వేసింది.

"నోరు జారలే అత్తా. తెలిసే అన్న."

తరువాత అందరి ముందూ బాపు పేరు పలికింది, పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు. ఆమె నోట నేను ఆ పేరు విన్నది మూడు సార్లే. మొదటి రెండు సార్లూ అది డాక్టరు పేరు. మూడోసారి మా బాపుది.