మేడ మీద ఎండిన మా ఊరు

నిన్న పొద్దున్న తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, దొడ్డమ్మ..." అని ఆగిపోయాడు.

"ఈసారి ఏం దొరికిందంట?" అన్నాను నవ్వుతూ. దొడ్డమ్మ పేరుతో ఫోన్ వచ్చిందంటే ఏదో పాత కాయితం దొరికిందనే మా ఇంట్లో అర్థం.

వాడు ఏడ్చాడు.

నిద్రలోనే వెళ్లిపోయిందట. ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

మా అమ్మకి అక్క. అమలాపురంలో అందరికీ సుగుణ టీచర్ గారు. రిటైర్ అయ్యాక ఊరి కాయితాలు పోగెయ్యడమే ఆవిడ పని. వంతెన రాకముందు గోదారి దాటించిన లాంచీ టికెట్లు, సినిమా కరపత్రాలు, క్రిస్మస్ డ్రామా నోటీసులు, పెళ్లి కార్డులు, దినం కార్డులు. ఎవరింట్లో శుభలేఖ వేయించినా ప్రెస్‌లో ఒకటి ఎక్స్‌ట్రా. "ఇది టీచర్ గారి పెట్టెలోకండి."

మేం తెగ ఏడిపించేవాళ్లం. "బజ్జీల పొట్లం కూడా దాస్తావా దొడ్డమ్మా?"

"నూనె అంటకుండా తిని ఇవ్వవే, దాస్తాను" అనేది.

మా కోనసీమ చెమ్మ తెలిసిందే కదా. బీరువాలో చీరలకే బూజు పడుతుంది. అందుకే ఏటా వానలు వెనకబట్టాక, మంచి ఎండ చూసి పెట్టెలన్నీ మేడ ఎక్కించేది. పాత చీరల మీద అప్పడాల్లా కాయితాలు పరిచేది. ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక కొబ్బరి చిప్ప. అచ్చు వెలిసిపోకుండా పైన పల్చటి వోణీ.

వీధంతా వచ్చేసేది. "మా తాతగారి షాపు ఓపెనింగ్ నోటీసు ఎక్కడుందండీ?" అంటూ వంగి వంగి వెతుక్కునేవారు.

చూడ్డం వరకే. ఒక్క ముక్క ఇంటికి ఇచ్చేది కాదు.

ఒక్కసారి ఇచ్చింది.

కాట్రేనికోన అవతల నుంచి ఒకాయన వచ్చాడు. చేపల వేట. తుఫానుకి ఇంట్లోకి నీళ్లొచ్చి వాళ్లమ్మ ఫోటో పోయిందట.

"దినం కార్డు మీద అమ్మ బొమ్మ వేయించేమండి. మీ దగ్గర ఒకటుంటుందని ప్రెస్సాయన చెప్పేరండి" అన్నాడు.

ఉంది. చూసి అక్కడే చిప్పల పక్కన కూలబడిపోయాడు.

దొడ్డమ్మ నన్ను పంపి జెరాక్స్ తీయించింది. జెరాక్స్ తను ఉంచుకుని అసలుది ఆయనకి ఇచ్చేసింది.

"మరి నీ రూలో?" అన్నాను.

"నాకది కాయితమే. ఆయనకి అమ్మ కదే" అంది.

పోయిన వారం చూడ్డానికి వెళ్తే మోకాళ్ల గురించి చెప్పలేదు, బీపీ గురించీ చెప్పలేదు. ఒకటే బెంగ. "ఈ ఏడు ఎండకి పెట్టలేదే. ఇంకో వానాకాలానికి ఆగవవి. ఎవరెక్కిస్తారే మేడ మీదకి?"

"నువ్వు లే, కలిసి ఎక్కిద్దాం" అన్నాను. కిటికీలోంచి ఎండ వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం భూస్థాపన అయింది. ఇంటికొచ్చి పెట్టె మూత తీస్తే చెమ్మ వాసన. అప్పుడు మాత్రం ఏడుపు ఆగలేదు.

రేపు పొద్దున్నే మేడ మీద పరుస్తున్నాం. అమలాపురంలో ఉన్నవాళ్లు రండి. వచ్చేటప్పుడు కొబ్బరి చిప్పలు పట్టుకురండి, దొడ్డమ్మవి చాలవు.

జ్ఞాపకార్థ కూడిక కార్డులకి ప్రెస్‌లో చెప్పాం. ఒకటి ఎక్కువ వెయ్యమన్నాను. ఎవరికని ప్రెస్సాయన అడగలేదు.

దొడ్డమ్మా, ప్రభువు దగ్గర హాయిగా విశ్రాంతి తీసుకో.

ఎండ సంగతి మేం చూసుకుంటాం.