లెక్కల డబ్బాలో అనప గింజలు

తిరుపతిలో మేముండే ఇల్లు ఎంత చిన్నదంటే, ఒక దోమ లోపలికి రావాలంటే ఇంకో దోమ బయటికి పోవాల. ఈ మాట ఎవరూ నమ్మరు. అదే ఇంట్లో పాప చదువు కోసం మా ఆవిడ కూడబెట్టిన సామాను మాత్రం పచ్చినిజం. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలు టీవీ వెనక, కొయ్యముక్కలు మంచం కింద, పూసలు ఫ్రిజ్ మీద.

లెక్కలకని ఎంచి పెట్టిన వంద అనప గింజలకు మాత్రం చోటు దొరకలేదు. వాటి డబ్బాను నేనే వంటింటి అలమరలో కందిపప్పు పక్కన పెట్టినాను. గింజల మధ్య గింజలుంటే తప్పేముందిలే అనుకున్నాను.

ఒకటో తరగతి చదివే మా పాపకు ఇరవై తొమ్మిది తర్వాత మళ్లీ ఇరవయ్యే వస్తుంది. వేళ్ల మధ్య గింజ ఉంటేనే ముప్పైకి పోతుంది. సోమవారం యాభై దాకా చెప్పాలని బళ్లో టీచరమ్మ అనిందంట. ఆ భయానికి శుక్రవారం నుంచే పాప అన్నం సరిగ్గా తినడం లేదు.

శనివారం చిత్తూరు పక్క మా పల్లె నుంచి అమ్మ వచ్చింది.

"అమ్మా, ఆ డబ్బా ముట్టుకోవద్దు. అవి పాప లెక్కలు."

"మొన్న మన బావిలో తిమింగలం ఉండాదంటివి. ఈరోజు అనప గింజల్లో లెక్కలుండాయా?"

ఆదివారం పొద్దున చూస్తే గింజలన్నీ గిన్నెలో నాని ఉండాయి. నానిన గింజలు పితికి, తోలు తీసి వండే పితికిపప్పు అమ్మకు ప్రాణం.

"రెండు గుప్పిళ్లేరా. చాలకపోతే ఉర్లగడ్డ వేస్తాలే" అని బంగాళాదుంపలు చూపించింది.

పాప ఏడవలేదు. గిన్నెలోకి చూసి, "ఇంక నాకు రాదు నాయనా" అనింది.

"నిజం చెప్పినా నమ్మకుండా చేసుకున్నావు చూడు" అనింది మా ఆవిడ.

అమ్మకు సంగతి అర్థమయింది. గిన్నె కిందికి దించి, "రా మే, ఈడ కూసో. ఒక్కోటి పితుకు" అనింది.

పాప పితికింది. పప్పు జారి నా కళ్లద్దాల మీద పడింది. ఒకటి. రెండు. ఇరవై తొమ్మిది దగ్గర చెయ్యి ఆగింది. చెప్పేయాలని నాకు నోరు దురద. అమ్మ తడి వేలు పెదవుల మీద పెట్టుకొని నన్ను ఆపింది. చాలాసేపటికి పాప గింజ నొక్కింది.

"ముప్పై."

యాభై దాటినా పితుకుతానే ఉండింది. ఎవరూ ఆపలేదు.

సోమవారం సాయంత్రం బడికి పోతే టీచరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "యాభై దాకా తప్పు లేకుండా చెప్పింది సార్. చెప్పినంతసేపూ రెండు వేళ్లతో గాల్లో ఏందో పిండతా ఉండింది. ఏమది?" అని అడిగింది.

ఈసారికి జరిగింది జరిగినట్టే చెప్పినాను.